అక్క సింగపూర్ వచ్చి వెళ్ళింది

సింగపూర్ వెళ్ళొచ్చానని తెలియగానే మా అనకాపల్లి కాలేజీ స్టాఫ్ రూములో అందరూ నా చుట్టూ చేరారు. నోట్లోంచి నీళ్ళు చిమ్మే సింహం బొమ్మ చూశావా? మూడు మేడల మీద పడవ పెట్టినట్టుండే హోటలెక్కావా? పోనీ, రాత్రిపూట తెరిచే జంతు ప్రదర్శనశాల? దేనికీ తలూపలేకపోయాను. “మరి అన్నాళ్ళు అక్కడేం వెలగబెట్టావమ్మా?” అంది ఎకనామిక్స్ మేడమ్, నా టిక్కెట్టు తనే కొన్నంత బాధపడిపోతూ.

ఏం వెలగబెట్టానో ఒక్క ముక్కలో చెప్పలేను. నైజీరియా నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర, చనిపోయిన మా అక్క చీర ముసుగేసుకుని నడవడం నేర్చుకున్నాను. ఇలా అంటే స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఖాళీ అయిపోతుంది. అందుకని నోరు మూసుకుని ఇంటికొచ్చి, ఇదంతా తీరిగ్గా రాస్తున్నాను. మొదటినుంచీ చదివితే అంత పిచ్చిగా ఉండదని నా ఆశ.

పుంగ్గోల్: అక్క కూతురి ఎత్తు

హైమ మా అక్క కూతురు. సింగపూర్‌లో ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. పుంగ్గోల్‌లో నీళ్ళ ఒడ్డున, బాగా ఎత్తు మీద ఉంది వాళ్ళ ఫ్లాటు. ఆ పేటంతా పిల్లల బళ్ళు తోసుకుంటూ తిరిగే కుర్ర జంటలే. లిఫ్టులో వాళ్ళ మధ్య నిలబడితే, తప్పు పెళ్ళికొచ్చిన పెద్దముత్తయిదువలా ఉండేది నా పరిస్థితి. అల్లుడు ఆ వారం ఆఫీసు పని మీద జకార్తాలో ఉన్నాడు. ఇంట్లో హైమ, దాని ఐదేళ్ళ కూతురు అమ్ములు, నేను.

అమ్ములుతో మాట్లాడటం ఒక విద్య. నేను తెలుగులో అడుగుతాను. అది ఇంగ్లీషులో జవాబిచ్చి, చివర ఒక ‘లా’ తగిలిస్తుంది. “అన్నం తిన్నావా బంగారం?” అంటే, “ఈట్ ఆల్రెడీ లా, చిన్నమ్మమ్మా!” అంటుంది. మొదట్లో దిద్దబోయాను. తిరిగొచ్చే వేళకి ఆ ‘లా’ నాకే అంటుకుంది. మొన్న పాలవాడితో “వద్దులా” అనేశాను, అతను బిక్కమొహం వేశాడు.

దిగిన రోజు కాఫీ గ్లాసు చేతికిచ్చి, హైమ ఫోన్‌లో ఒక పోస్టర్ చూపించింది. మనసు లోతుల్ని నటన ద్వారా తెలుసుకునే శిబిరమట. నైజీరియాలో యోరుబా జాతివాళ్ళు చనిపోయిన తమ పెద్దల్ని పిలుచుకునే పద్ధతి ఆధారమట. ఎవరైనా చేరవచ్చు. చనిపోయిన మన మనిషి బట్ట ఒకటి తెచ్చుకోవాలి. ఆఖరి రోజు ఇంట్లోవాళ్ళు వచ్చి చూడవచ్చు.

“నువ్వు స్టేజ్ ఆర్టిస్టువి కదా పిన్నీ, నీకు నచ్చుతుందని రిజిస్టర్ చేసేశా. క్యాన్సిల్ చేస్తే రిఫండ్ లేదు, ముందే చెప్తున్నా.”

వచ్చేటప్పుడు అమ్మ చీరలు రెండు తెమ్మని ఇది ఎందుకంత గట్టిగా చెప్పిందో అప్పుడు వెలిగింది నాకు.

సంగతేమిటంటే, పాతికేళ్ళుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నా, మా బంధువుల్లో నాకు పేరొచ్చింది మాత్రం అక్క గొంతు దించడంలో. పెళ్ళిళ్ళలో భోజనాలయ్యాక “ఏదీ, మీ సత్యవతక్కలా మాట్లాడు” అని ఒకరు అంటే చాలు. కూరలవాడిని ఏడిపించే అక్క, టీవీలో అత్తగారికి బుద్ధులు చెప్పే అక్క, సింగపూర్‌కి ఫోన్ చేసి కూతురి చేత సాంబారు పెట్టించే అక్క, అందరూ వరసగా దిగిపోయేవారు. పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళలో అక్కే ముందుండేది. రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయింది. డాక్టరు పరీక్షలు రాసిచ్చినా చేయించుకోలేదు. “వెళ్ళొచ్చానే, అంతా బాగుందన్నారు” అని కూతురికి ఫోన్‌లో చెప్పేసింది. అది అబద్ధమని పోయాకే తెలిసింది. ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం.

అక్క పోయిన కొన్నాళ్ళకి హైమ ఫోన్ చేసి, “పిన్నీ, ఒక్కసారి అమ్మలా మాట్లాడవా?” అంది. నావల్ల కాదన్నాను. మళ్ళీ అడగలేదు. అడిగి ఏడ్చినా బాగుండేది, అడక్కుండా ఊరుకుంది చూడండి, అది నన్ను తినేసింది. కానీ నా భయం నాది. చనిపోయిన మనిషి గొంతు తీస్తే అది హాస్యమా, అపచారమా? తీరా తీశాక అది ఉత్త మిమిక్రీ అని తేలితే, మాకు మిగిలిన అక్క అంతేనా? ఆ గొంతు జోలికే పోవడం మానేశాను. ఇప్పుడు దాన్ని బయటికి రప్పించడానికి ఈ పిల్ల నైజీరియా మనిషిని మాట్లాడిపెట్టింది.

“రెండు చీరలు తెచ్చాను సరే, నా చేత ఏం చేయించాలని?” అన్నాను.

“ఏం లేదు పిన్నీ. నీకు ఇష్టమైతేనే,” అంది. దాని మొహం చూసి కాదనలేకపోయాను.

బుకిట్ బటోక్: సబ్బు వాసన

శిబిరం ద్వీపానికి అవతలి కొసన, బుకిట్ బటోక్‌లో. ఆ కొస నుంచి ఈ కొసకి రైల్లో గంట పైనే. అన్ని వందల మంది ఉన్నా ఒక్కరూ నోరు విప్పరు. మా తుని ప్యాసింజర్లో అంతసేపు కూచుంటే పక్కావిడ ఆడపడుచు సీమంతం దాకా వచ్చేస్తాం. నేను ఎదురుగా ఉన్నావిడని చూసి నవ్వితే, ఆవిడ తన సంచి ఓసారి తడిమి చూసుకుంది.

ఒక చిన్న నాటక బృందం అద్దెకి తీసుకున్న హాలు అది. పదిమంది దాకా ఉన్నాం. నేర్పేవిడ పేరు ఇయాబో. నీలిమందు రంగు బట్ట కట్టుకుని, నేల మీద బాసింపట్టు వేసుక్కూచుని, వచ్చినవాళ్ళనల్లా “తిన్నావా?” అని అడుగుతోంది. అక్కడే నాకు సగం నచ్చేసింది. నా వయసే ఉంటుంది.

“ముందే ఒకటి చెబుతాను,” అంది ఇంగ్లీషులో. “మా ఊళ్ళో ఎగుంగున్ అంటే చనిపోయిన పెద్దలు బట్టల్లో తిరిగి రావడం. ఆ బట్టలు ఆ వంశానివి. వాటిని మగవాళ్ళే వేసుకుంటారు. నాలాంటి ఆడవాళ్ళు బయట నిలబడి పిలుస్తారు. నేను దాన్ని విమానంలో ఎక్కించుకుని రాలేదు. మీ పెద్దలు మీకున్నారు. పిలిచే పద్ధతి మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.”

ఇయాబో అంటే ‘అమ్మ తిరిగొచ్చింది’ అని అర్థమట. నాయనమ్మ పోయాక పుట్టిందని ఆ పేరు పెట్టారు. వాళ్ళ నాన్న బతికినన్నాళ్ళూ ఈవిడని “అమ్మా” అనే పిలిచాడట, ఒక్కనాడూ చెయ్యెత్తలేదట. మా ఇళ్ళలోనూ అంతే, నాయనమ్మ పేరు పెట్టిన పిల్లని ఆ పేరుతో తిట్టం, తిట్టడానికి వీలుగా వేరే ముద్దుపేరు ఒకటి ఉంచుకుంటాం అన్నాను. ఆవిడ చప్పట్లు కొట్టి నవ్వింది.

తలరాత కూడా ఉంది వాళ్ళకి. ‘ఒరి’ అంటారు. పైకి కనిపించే తల కాక లోపల ఇంకో తల ఉంటుందట. పుట్టక ముందు ఎవరి తల వాళ్ళే ఎంచుకుని, భూమ్మీదకి వచ్చేటప్పుడు ఆ సంగతి మర్చిపోతారట. మనకైతే రాసినవాడు బ్రహ్మ, ఏదైనా తేడా వస్తే ఆయన్ని ఆడిపోసుకోవచ్చు. వీళ్ళకి ఆ సుఖం కూడా లేదే అనుకున్నాను.

తర్వాత అందరం తెచ్చిన బట్టలు బయటపెట్టాం. నావి రెండు వెంకటగిరి చీరలు. ఇస్త్రీ మడత నలగకుండా తెచ్చాను. ఇయాబో ఒకటి మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది.

“సబ్బు,” అంది.

“ఉతికాం కదా మరి,” అన్నాను. పోయిన మనిషి బట్ట ఉతక్కుండా ఇంట్లో పెట్టుకోవడం మాకు లేదు. మైల. రెండుసార్లు తడిపి, ఎండేసి, గంజి కూడా పెట్టాను. అదంతా ఆవిడకి వివరించాను, గొప్పగా.

“అయ్యో,” అందావిడ. “మీ అక్కని ఊళ్ళోనే నీళ్ళల్లో వదిలేసి వచ్చావు.”

నాకు తల తీసేసినట్టయింది. పక్కన కూచున్న చైనీస్ ఆవిడ నా మోకాలు తట్టింది. ఆవిడ పేరు మే. మొగుడు పోయి ఏడాదయింది. ఆయన చొక్కాలు తెచ్చుకుంది, మెడపట్టీల మీద మరకలతో సహా. ఇక్కడ పెద్దవాళ్ళందరూ ఆంటీలే. నేను ఆవిడని ఆంటీ అన్నాను, ఆవిడా నన్ను ఆంటీ అంది. చివరి దాకా అలాగే పిలుచుకున్నాం.

ఇంటికెళ్ళి ఈ సబ్బు కథ హైమకి చెప్పాను. అది లోపలికెళ్ళి, గది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న ఒక పాత నేతచీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అక్క ఆఖరిసారి వచ్చినప్పుడు వదిలేసి వెళ్ళిందట. “ఉతకలేదు పిన్నీ. ఉతకబుద్ధి కాలేదు,” అంది. కొబ్బరినూనె, మోకాళ్ళకి రాసుకునే మందు, పోపు. ఆ మూడూ కలిసిన వాసన నా ముక్కుకి తగలగానే చీరలో మొహం దాచుకున్నాను.

యీషున్: ముందు వరస

మధ్యలో ఒక రోజు సెలవిచ్చారు. ఆంటీ మే వాళ్ళ పేట యీషున్‌కి రమ్మంది. చైనీయులకి అది పెద్దలు భూమ్మీదకి వచ్చే నెల. ఫ్లాట్ల మధ్య ఖాళీల్లో ఇనప డబ్బాల్లో మంటలు పెట్టి, కాగితంతో చేసిన బట్టలు, కాగితం బూట్లు, కాగితం ఫోన్లు కాలుస్తున్నారు. పోయినవాళ్ళకి అందుతాయట. మనం పెద్దల అమావాస్యకి కొత్త చీర పెట్టి దణ్ణం పెట్టుకుని, తర్వాత మనమే కట్టేసుకుంటాం. మా పద్ధతి చెబితే ఆంటీ మే కాసేపు ఆలోచించి, “మంచి పద్ధతే. దండగ లేదు,” అంది.

ముందు హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. అంటే రకరకాల తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు. కాఫీ రెండు డాలర్ల లోపే. రూపాయల్లోకి మారిస్తే గొంతు దిగదు గనక మార్చడం మానేశాను. చేపముక్కల నూడుల్స్ పులుసు తాగి, మా పులస పులుసు ముందు ఇది దిగదుడుపే అని మనసులో అనుకుంటూనే, గిన్నె అడుగు కనిపించేదాకా ఊడ్చేశాను. అక్కడ బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం పెట్టి వెళితే ఆ చోటు మనదే. దాన్ని ‘చోప్’ చెయ్యడం అంటారు. ఎవరూ ముట్టుకోరు. ఇది ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు విసిరే విద్యే కదా అని నాకు మహా సంబరమేసింది.

ఆ సంబరమే కొంప ముంచింది. చీకటి పడుతుండగా మైదానంలో పాటల కార్యక్రమం మొదలవబోతోంది. గెటాయ్ అంటారు దాన్ని. పెద్ద వేదిక, రంగు దీపాలు, వరసలు వరసలుగా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. జనం వెనక కిక్కిరిసి ఉన్నారు, ముందు వరస మాత్రం మొత్తం ఖాళీ. వీళ్ళ మొహమాటం మండా అనుకుని, పరుగున వెళ్ళి నా చేతిరుమాలు నడిమి కుర్చీ మీద పరిచాను. పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగు పెట్టి, రమ్మని ఆంటీ మేకి చెయ్యి ఊపాను.

ఆవిడ పరిగెత్తుకొచ్చింది. “కెనాట్ లా! కెనాట్!”

“ఎందుకు? ఎవరూ లేరుగా.”

“ఉన్నారు! అది వాళ్ళ వరస. పోయినవాళ్ళది.”

 ఎవరి ఒళ్ళో రుమాలు పరిచానో, ఎవరి మొహాన బ్యాగు పెట్టానో! చెంపలేసుకున్నాను. ఆంటీ మే నా తరఫున కుర్చీలకి దణ్ణాలు పెట్టి, నా సామాను తీసుకొచ్చి, వెనక నాలుగో వరసలో కూచోబెట్టింది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు గానీ తిట్టలేదు.

తళుకుల గౌను వేసుకున్న పాటగత్తె వచ్చింది. ఆ ఖాళీ కుర్చీలని చూస్తూ పాడింది, వాటితో పరాచికాలాడింది, ఒక కుర్చీకి ముద్దు కూడా విసిరింది. మా పరిషత్తుల్లో ముందు వరస ఖాళీగా ఉంటే నాకు ఒళ్ళు మండేది. దాతలు, ముఖ్య అతిథులు ఎప్పటికో వస్తారు, మేం ఖాళీ కుర్చీలకి ఏడ్చి చూపించాలి. ఈ పిల్ల ఆ కుర్చీల కోసమే వచ్చినట్టు పాడుతోంది.

“మీ ఆయన వచ్చి కూచున్నాడని నిజంగా నమ్ముతున్నావా?” అని అడిగాను.

“నమ్మడమెందుకు?” అంది ఆంటీ మే. “కుర్చీ వెయ్యకపోతే ఎక్కడ కూచుంటాడు?”

 తిరుగు రైల్లో ఆ జవాబునే నమిలాను.

మళ్ళీ బుకిట్ బటోక్: పిలిచే పద్ధతి

ఇయాబో మమ్మల్ని నటించనివ్వలేదు. నేను అక్క నడక నడిచి చూపిస్తే, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు, ఆవిడ తల అడ్డంగా ఊపింది. “బావుంది. కానీ మీ అక్కని నువ్వు బయటి నుంచి చూస్తున్నావు. చూసేవాళ్ళ కోసం ఆమె అలా నడిచింది. ఎవరూ లేనప్పుడు ఎలా నడిచేది?” అంది. ఆలోచించాను. ఎవరూ లేనప్పుడు అక్క గోడ పట్టుకుని నడిచేది. ఒకసారి తలుపు సందులోంచి చూశాను. నేను రాగానే చెయ్యి తీసేసి, నడుం మీద పెట్టుకుని గదమాయించింది. మిమిక్రీలో ఎప్పుడూ ఆ గోడ రాలేదు.

ఇక పిలుపు. వాళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్క మనిషికీ ‘ఒరికి’ అనే పొగడ్తల దండకం కట్టి పాడతారు. అది వింటే పోయినవాళ్ళు ఉండబట్టలేక వస్తారట. మీ వాళ్ళకి మీరే కట్టండి అంది. నాకిది కొట్టిన పిండి. తెలుగు లెక్చరర్ని. “అన్నదానంలో అన్నపూర్ణవు, సహనంలో భూదేవివి” అని ఎత్తుకుని ఇంగ్లీషులో అర్థం చెప్పాను.

ఇయాబో ఆవలించింది. నిజంగానే ఆవలించింది. “ఈవిడ ఎవరు? ఎవరి అక్కయినా కావచ్చు. ఇలా పిలిస్తే నేనైతే రాను, నన్ను కాదనుకుంటాను. ఆవిడకి కోపం తెప్పించేది ఏదైనా కలుపు.” తన నాయనమ్మ పిలుపులో ‘పెళ్ళికి పిలవకపోయినా పెళ్ళికూతురి పక్కనే కూచున్నదానా’ అని ఉందట. అది పాడకపోతే ఆ ముసలమ్మ కదలదట.

మనకేమో పోయినవాళ్ళందరూ దేవుళ్ళు. ఫోటోకి దండ పడగానే తప్పులన్నీ మాఫీ. నాకు మొదట నోరు రాలేదు. తర్వాత మొదలెడితే ఆగలేదు. పులుసులో ఉప్పు తగ్గిందంటే మూతి ముడుచుకునేదానా, పేకాటలో ముక్కలు దాచేదానా, మాట తన మీదకొస్తే వంట సంగతి ఎత్తేదానా, చచ్చినా ‘తప్పయింది’ అనని మొండిదానా! చెబుతూ చెబుతూ నవ్వొచ్చేసింది. రెండేళ్ళలో అక్క గురించి అలా నవ్వడం అదే. ఇయాబో “ఇదిగో, ఈవిడైతే వస్తుంది,” అంది.

ఆఖరి రోజు

వెంకటగిరి చీరల్ని నిలువునా పేలికలుగా చింపి, వేలాడేట్టు కుట్టాం. చింపుతుంటే ప్రాణం ఉసూరుమంది, జరీ చీరలు మరి. లోపల మొహానికి ఆనేలా హైమ ఇచ్చిన నేతచీర. ఒంటి మీద ఈషణ్మాత్రం చర్మం కనిపించకూడదు. చేతులకి తొడుగులు, కాళ్ళకి మేజోళ్ళు. మెట్టెలు తియ్యమంది ఇయాబో. మొగుడు బతికుండగా మెట్టెలెలా తీస్తాను? వాటి మీదే మేజోళ్ళు లాగాను.

ఎవరి వస్త్రానికి ఎవరు పిలుపు చెప్పాలో ముందే అనుకున్నాం. నాకు ఆంటీ మే. తెలుగు పిలుపంతా నేర్పించాను పాపం ఆవిడకి. తెర వెనక నుంచి వింటున్నాను. “పులుసూలో ఉప్పూ...” అని చైనీస్ రాగంలో ఎత్తుకుంది. చూడ్డానికొచ్చిన జనంలో ఎక్కడో హైమ ఫక్కున నవ్వడం వినిపించింది. గోడ పట్టుకుని నడిచాను. తెర దాటాక గోడ లేదు. లేకపోయినా పట్టుకునే నడిచాను.

నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది. ‘చల్లగా ఉండు తల్లీ, నేనెక్కడికీ పోలేదు’ అని. అక్క గొంతులో, రెండు ముక్కల్లో. పిల్ల ఏడుస్తుంది, గుండె బరువు దిగుతుంది, అయిపోతుంది. రాత్రంతా అదే అనుకున్నాను.

నేతచీర సందులోంచి హైమ కాళ్ళు కనిపించాయి, పక్కన అమ్ములు చిన్న బూట్లు. ఇంతలో అమ్ములు కేకేసింది. “మమ్మీ! చిన్నమ్మమ్మ టో రింగ్ లా! సాక్స్‌లో హోల్!”

 మేజోడు చిరిగి మెట్టె బయటికొచ్చింది. ఇంకేముంది, అంతా పోయిందనుకున్నాను. ఇప్పుడు హైమ “అవును, చిన్నమ్మమ్మే” అని నవ్వేస్తే, నేను ముసుగు తీసి నవ్వడం తప్ప చేసేదేం లేదు.

హైమ నవ్వలేదు. “కాదు. అమ్మమ్మ,” అంది.

ఒక అడుగు ముందుకొచ్చింది. “అమ్మా. నిజం చెప్పు. ఆ రోజు ఆస్పత్రికి వెళ్ళావా?”

నేను సిద్ధం చేసుకున్న మాట ఏమైపోయిందో తెలియదు. దానికి చోటే లేకపోయింది. నోరు తెరిచాను. “వెళ్దామనే బయల్దేరానే,” అంది గొంతు. “సందు చివర బండి మీద వంకాయలు. లేతవి, నవనవలాడుతున్నాయి. మళ్ళీ రేపటికుంటాయా అవి?”

“వంకాయలా?” హైమ గొంతు పైకి లేచింది. “వంకాయల కోసం ఆగిపోయావా? అమ్మా, నువ్వు మనిషివేనా? నేను ఇక్కడి నుంచి రోజూ అడిగాను! రిపోర్ట్ ఫోటో పెట్టమంటే ‘ఫోన్‌లో ఏదో నొక్కేశాను, పోయింది’ అన్నావు!” నవ్వుతోంది, ఏడుస్తోంది, తిడుతోంది. హాల్లో ఎవరికీ తెలుగు రాదు, ఎవరూ కదల్లేదు. “అబద్ధం చెప్పావు నాకు. నాకు! నేను బ్యాగు సర్దుకుని వచ్చేసేదాన్ని కదే!”

అక్క అయితే ఇక్కడ ‘గుత్తి కూరలో నువ్వులు వేశావా’ అని మాట మార్చాలి. నాకు తెలిసిన అక్క అదే చేస్తుంది. కానీ వచ్చిన మాట వేరు. మెల్లిగా వచ్చింది.

“తప్పయిందే,” అంది. “తప్పయిపోయింది.”

ఆ మాట నా దగ్గర లేదు. ఇప్పటికీ అదే చెబుతాను. అక్క నోట ఎన్నడూ వినలేదు, విననిదాన్ని దించడం నాకు చేతకాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నన్నడక్కండి. నాకు తెలిసిన నటన ఆ వంకాయల మాటతోనే అయిపోయింది.

ఇయాబో “తిరుగు” అని సైగ చేసింది. గుండ్రంగా తిరిగాను. చీర పేలికలన్నీ పైకి లేచాయి. ఆ గాలి తగిలితే దీవెన అంటారట వాళ్ళు. “సో విండీ!” అని కేరింతలు కొట్టింది అమ్ములు. హైమ కళ్ళు మూసుకుని ఆ గాలిలో నిలబడింది.

తెర వెనక ముసుగు విప్పుతూ ఇయాబో నా చెవిలో చెప్పింది. “నువ్విక్కడ లేవు. వేరే పని మీద ఎక్కడికో వెళ్ళావు. ఏం జరిగిందో ఇంటికెళ్ళి ఆ పిల్లని అడుగు. మా ఊళ్ళో ముసుగు వేసిన మనిషికి అంతే.”

పుంగ్గోల్: ఆ సాయంత్రం

తిరుగు రైల్లో అమ్ములు నా ఒళ్ళో నిద్రపోయింది.  హైమ మొహం తేటగా ఉంది. ఇల్లు చేరాక స్నానం చేసి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. నేను భోజనాల బల్ల దగ్గర కూలబడ్డాను. ఒళ్ళంతా పులిసిపోయింది.

“పిన్నీ,” అంది లోపలి నుంచి, పోపు వేస్తూ. “అమ్మ వచ్చింది. నువ్వు చూడలేదు పాపం.”

ఇయాబో దానికీ చెప్పిందో, అది తనంతట తానే అందో అడగలేదు. “అవునా? ఎలా ఉందే?” అన్నాను.

“అలాగే ఉంది. గోడ పట్టుకుని నడుస్తోంది. మోకాళ్ళు ఇంకా నొప్పే అనుకుంటా.” వంకాయల సంగతి మొదటి నుంచీ చెప్పింది. నేను ఎక్కడ “అయ్యో” అనాలో అక్కడ అన్నాను, ఎక్కడ తిట్టాలో అక్కడ తిట్టాను. “గట్టిగా కడిగేశాను పిన్నీ. తప్పయింది అంది, తెలుసా? మా అమ్మ!” అని పెద్దగా నవ్వింది. ఆ నవ్వు విని నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వచ్చిన పని అయిపోయింది, ఇచ్చుకోవలసింది ఇచ్చుకున్నాను, ఇక తిరుగు విమానమెక్కడమే.

అయినా నోరూరుకోలేదు. “నా గురించేమైనా అడిగిందా?” అన్నాను. వేళాకోళానికే అన్నాను. గొంతు మాత్రం వేళాకోళంలా రాలేదు.

హైమ గరిటె తిప్పడం ఆపలేదు, వెనక్కి తిరగలేదు.

“అడక్కేం? ‘దాన్ని కాస్త చూసుకోండే. ఊరందర్నీ నవ్విస్తుంది గానీ, దానికేం కావాలో నోరు తెరిచి ఒక్కరినీ అడగదు. ముందు దానికి వడ్డించు, తర్వాత మీరు కూచోండి’ అంది.”

అది హైమ గొంతు కాదు. ‘వడ్డించు’ దగ్గర ఆ విరుపు, ‘దానికి’ దగ్గర ఆ విసుగు, ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ళకే వస్తాయి. రెండేళ్ళుగా ఆ గొంతు నా ఒక్కదాని దగ్గరే ఉందనుకున్నాను. నాకు ఆ గొంతు వినిపించేవాళ్ళు ఎవరూ లేరన్న బాధని, అడగరాని కోరిక అనుకుని ఎవరికీ చెప్పలేదు. నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

“అక్కా,” అన్నాను.

వంటింట్లోంచి వచ్చి, పొగలు కక్కుతున్న కంచం నా ముందు పెట్టింది.

“ఊఁ,” అంది. “తిను.”